ఇక ఎవరూ చూడలేని ప్రేమకథ: 1925 నాటి ‘ది డార్క్ ఏంజెల్’

 

ఈ ఎపిసోడ్‌లో ఒక సినిమా గురించి చెప్తాను. కానీ ముందే ఒక మాట. ఇది విని మీకు ఆ సినిమా చూడాలనిపిస్తే నేనేమీ చేయలేను. లింక్ ఇవ్వలేను. ఏ ఓటీటీలోనూ లేదు, యూట్యూబ్‌లో లేదు, టెలిగ్రామ్‌లో కూడా లేదు. డబ్బులిస్తామన్నా దొరకదు. ఎందుకంటే ఆ సినిమా ప్రింట్ ఈ భూమ్మీద ఎక్కడా ఉన్నట్టు లెక్క లేదు. ఒకప్పుడు లక్షల మంది టికెట్ కొనుక్కుని, కళ్ళు తుడుచుకుంటూ హాల్లోంచి బయటికొచ్చిన సినిమా అది. ఇప్పుడు మిగిలింది దాని కథ, కొన్ని ఫొటోలు, అప్పటి పేపర్లలో రాసిన రివ్యూలు, అంతే.

సినిమా పేరు ‘ది డార్క్ ఏంజెల్’. చీకటి దేవదూత అనుకోండి. 1925లో వచ్చిన అమెరికన్ మూకీ. మొదటి ప్రపంచ యుద్ధం నేపథ్యంలో ఒక ప్రేమ, ఒక త్యాగం. ముందు కథ చెప్తాను, తర్వాత ఆ కథ వెనక ఉన్న అసలు మనుషుల దగ్గరికి వెళ్దాం. నిజం చెప్పాలంటే నాకు సినిమా కన్నా ఆ రెండో భాగమే ఎక్కువ గుచ్చుకుంది.

కథ ఏంటి?

ఇంగ్లండ్. యుద్ధం నడుస్తోంది. కెప్టెన్ అలన్ ట్రెంట్ అనే కుర్రాడు సెలవు మీద ఇంటికొచ్చాడు. కిట్టీ వేన్ అనే అమ్మాయితో అతనికి పెళ్లి కుదిరింది. సెలవులోనే పెళ్లి చేసుకుందామనుకున్నారు. ఇంతలో పిలుపొచ్చింది, వెంటనే ఫ్రంట్‌కి తిరిగి రమ్మని. పెళ్లికి లైసెన్స్ తీసుకునే టైం కూడా లేదు. ఆ ఒక్క రాత్రి ఇద్దరూ ఒక పల్లెటూరి సత్రంలో గడుపుతారు. మంత్రాలూ లేవు, సంతకాలూ లేవు. వాళ్ళ మనసులో మాత్రం వాళ్ళు భార్యాభర్తలే. తెల్లారి అతను వెళ్ళిపోయాడు.

యుద్ధంలో అలన్ చూపు పోయింది. జర్మన్లకి బందీగా చిక్కాడు. ఇక్కడ ఇంగ్లండ్‌లో మాత్రం అతను చనిపోయాడన్న కబురొచ్చింది. కిట్టీ కుప్పకూలిపోయింది. అలన్ స్నేహితుడు కెప్టెన్ జెరాల్డ్ షానన్ ఆమెకి తోడుగా నిలబడ్డాడు. మెల్లగా ఆమెని ప్రేమించాడు.

యుద్ధం అయిపోయింది. అప్పుడు జెరాల్డ్‌కి తెలిసింది, అలన్ బతికే ఉన్నాడని! ఎక్కడో మారుమూల పల్లెలో ఉంటూ, పిల్లల కథలు రాసుకుంటూ బతుకుతున్నాడు. గుడ్డివాడిగా తిరిగొచ్చి కిట్టీకి భారం కాకూడదని, చచ్చిపోయినవాడిగానే ఉండిపోయాడు.

ఇప్పుడు జెరాల్డ్ స్థానంలో మీరుంటే ఏం చేస్తారు? నోరు మూసుకుంటే తను ప్రేమించిన అమ్మాయి తనకే దక్కుతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. కానీ అతను వెళ్లి కిట్టీకి చెప్పేశాడు. ఇదీ మొదటి త్యాగం.

కిట్టీ పరుగెత్తుకుంటూ అలన్ దగ్గరికి వచ్చింది. అలన్ తనకి చూపు లేదన్న సంగతి ఆమెకి తెలియనివ్వలేదు. చూపున్నవాడిలాగే నటిస్తూ, నాకిప్పుడు నీ మీద ఏమీ లేదు, వెళ్ళిపో అన్నాడు. ఇది రెండో త్యాగం. కానీ కిట్టీ కనిపెట్టేసింది. చివరికి ఇద్దరూ ఒక్కటయ్యారు.

ఒక్క నిమిషం ఆ క్లైమాక్స్ ఊహించుకోండి. ఇది మూకీ సినిమా. డైలాగ్ వినపడదు, మధ్యలో అక్షరాలతో కార్డులు పడతాయి, అంతే. అలాంటి సినిమాలో ఒక నటుడు చూపు లేనివాడిగా నటించాలి. ఆ చూపు లేనివాడు మళ్ళీ చూపున్నవాడిలా నటిస్తున్నాడు. అంటే నటనలో నటన. ఎదురుగా ఉన్న అమ్మాయికి తెలియకూడదు, హాల్లో కూర్చున్న మనకి మాత్రం తెలియాలి. దాన్ని ఒక్క మాట లేకుండా కళ్ళతో చూపించాలి. అది ఎలా చేశాడో చూడాలని ఉంది కదూ? నాకూ ఉంది.

జనం ఎందుకు ఏడ్చారు?

ఈ కథ ఇప్పుడు వింటే మనకి కొంచెం పాత సినిమా ఫార్ములాలా అనిపించొచ్చు. చనిపోయాడనుకున్నవాడు తిరిగి రావడం, స్నేహితుడి త్యాగం, ఇవన్నీ మనం చాలాసార్లు చూశాం. కానీ 1925లో హాల్లో కూర్చున్న ఆడవాళ్ళ వైపు నుంచి చూడండి.

యుద్ధం 1918 నవంబర్‌లో ఆగింది. అంటే సినిమా వచ్చేనాటికి ఏడేళ్ళు మాత్రమే. బ్రిటన్‌లో ఒక ఆఫీసర్ చనిపోతే ఇంటికి టెలిగ్రాం వచ్చేది. మామూలు సిపాయి అయితే టెలిగ్రాం కూడా కాదు, అచ్చేసిన ఒక ఫారం పోస్టులో వచ్చేది, ఖాళీల్లో పేరు, నంబర్ నింపి. వీటన్నిటికన్నా భయంకరమైన కబురు ఇంకొకటుంది: ‘కనిపించడం లేదు’ అని. అంటే శవం దొరకలేదు. బతికున్నాడా, పోయాడా, బందీ అయ్యాడా, చెప్పేవాళ్ళు లేరు.

అలాంటివాళ్ళు ఎంతమందో తెలుసా? బెల్జియంలో ఈప్ర్ అనే ఊళ్ళో మెనిన్ గేట్ అనే స్మారకం ఉంది. 1927లో తెరిచారు. ఆ చుట్టుపక్కల చనిపోయి, సమాధి కూడా దొరకని 54 వేలకు పైగా సైనికుల పేర్లు దాని గోడల మీద చెక్కారు. అందులో మన భారతీయ సైనికుల పేర్లూ ఉన్నాయి. ఫ్రాన్స్‌లో తియెప్‌వాల్ స్మారకం మీద ఇంకో 72 వేలకు పైగా పేర్లున్నాయి.

అంటే 1925లో ఈ సినిమా చూస్తున్నవాళ్ళలో, శవం చూడకుండానే కొడుకునో, భర్తనో, ప్రేమించినవాణ్ణో పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. మనిషి అనేదాన్ని ఆశ అంత తేలిగ్గా వదలదు. ఎక్కడో ఏ ఆసుపత్రిలోనో ఉన్నాడేమో, పేరు మర్చిపోయాడేమో, మొహం చూపించలేక రావట్లేదేమో! వాళ్ళు పైకి ఎవరికీ చెప్పుకోని ఆ ఆశని ఈ సినిమా తెర మీద చూపించింది. అతను బతికే ఉన్నాడు, నీ మీద ప్రేమతోనే రాలేదు అంది. ఏడవకుండా ఎలా ఉంటారు?

చూపు పోవడం కూడా కల్పన కాదు. విషవాయువులు, షెల్ ముక్కలు, తూటాలు ఎంతోమంది కళ్ళు తీసేశాయి. వాళ్ళ కోసమే 1915లో లండన్‌లో సెయింట్ డన్‌స్టన్స్ అనే సంస్థ పెట్టారు. పెట్టినాయన ఆర్థర్ పియర్సన్. పెద్ద పత్రికాధిపతి, గ్లాకోమా వల్ల ఆయనకే చూపు పోయింది. అక్కడ చూపు పోయిన సైనికులకి బ్రెయిలీ, టైపింగ్, బుట్టలల్లడం, మసాజ్, కోళ్ళ పెంపకం నేర్పేవాళ్ళు. జాలి పడి కూర్చోబెట్టకుండా, మళ్ళీ సంపాదించుకునేలా చేయడం ఆయన పట్టుదల. అలన్ కథలు రాసుకుని బతికాడంటే అప్పటి జనానికి వింతేమీ అనిపించలేదు. అలాంటివాళ్ళు వాళ్ళ వీధుల్లోనే ఉన్నారు.

కుంటిని దాచుకున్న హీరో

ఇప్పుడు అసలు మనుషుల దగ్గరికి వద్దాం.

అలన్ పాత్ర వేసింది రోనాల్డ్ కోల్మన్. ఇంగ్లీషువాడు. సన్నని మీసం, నెమ్మదైన చూపు, అప్పటి హాలీవుడ్‌లో పెద్ద స్టార్. కానీ స్టార్ కాకముందు అతను సిపాయి. లండన్ స్కాటిష్ అనే రెజిమెంట్‌లో ఉండేవాడు. 1914 అక్టోబర్ 31న బెల్జియంలో మెసీన్ అనే చోట జరిగిన పోరులో షెల్ ముక్క తగిలి అతని చీలమండ దెబ్బతింది. మరుసటి ఏడాది సైన్యం నుంచి పంపించేశారు. నడకలో కుంటి మిగిలిపోయింది. ఆ కుంటిని తెర మీద కనపడకుండా దాచడానికి అతను జీవితాంతం కష్టపడ్డాడు.

అర్థమైందా? యుద్ధం చేసిన గాయాన్ని ప్రేమించిన అమ్మాయికి కనపడకుండా దాచే పాత్రని, యుద్ధం చేసిన గాయాన్ని ప్రేక్షకులకి కనపడకుండా దాచే నటుడు వేశాడు. హాల్లో ఉన్న ఎంతమందికి ఆ సంగతి తెలుసో గానీ, అతనికి మాత్రం తెలుసు కదా.

ఇంకో విషయం. అదే 1914 అక్టోబర్ 31న, మెసీన్‌కి కొద్ది మైళ్ళ దూరంలో హోల్‌బెక్ దగ్గర బ్రిటిష్ ఇండియన్ ఆర్మీ సైనికులు కూడా పోరాడుతున్నారు. ఆ రోజు అక్కడ చేసిన పోరాటానికే ఖుదాదాద్ ఖాన్ అనే సిపాయికి విక్టోరియా క్రాస్ వచ్చింది. ఆ పతకం అందుకున్న మొదటి భారతీయ సైనికుడు ఆయనే. అదే రోజు, దాదాపు అదే నేల. ఒకరి కథ హాలీవుడ్ దాకా వెళ్ళింది, మిగతావాళ్ళలో చాలామంది మెనిన్ గేట్ మీద అక్షరాలుగా మిగిలారు.

మాట రాని హీరోయిన్, చూసొచ్చిన రచయిత్రి

కిట్టీ పాత్ర వేసింది విల్మా బాంకీ. హంగేరీ అమ్మాయి. నిర్మాత శామ్యూల్ గోల్డ్విన్ 1925లో బుడాపెస్ట్ వెళ్ళినప్పుడు ఆమెని చూసి, ఒప్పందం చేసుకుని అమెరికా తీసుకొచ్చాడు. ఈమెకి అమెరికాలో ఇదే మొదటి సినిమా. ఇంగ్లీషు దాదాపు రాదు. అయినా ఇంగ్లీషు అమ్మాయి వేషం వేసింది! మూకీ కాబట్టి యాస గొడవే లేదు. ఒక్క సినిమాతో స్టార్ అయిపోయింది. కోల్మన్‌తో కలిపి మొత్తం ఐదు సినిమాలు చేసింది.

కానీ 1927 తర్వాత టాకీలు వచ్చాయి. నోరు తెరిస్తే హంగేరియన్ యాస. కెరీర్ కొద్దికాలంలోనే ముగిసిపోయింది. ఆమె 1991లో చనిపోయింది. ఆ వార్త బయటి ప్రపంచానికి తెలిసింది మాత్రం మరుసటి ఏడాది. ఒకప్పుడు పెళ్లి చేసుకుంటే హాలీవుడ్ మొత్తం కదిలొచ్చిన మనిషి!

స్క్రిప్ట్ రాసింది ఫ్రాన్సిస్ మారియన్. అప్పట్లో హాలీవుడ్‌లో అందరికన్నా ఎక్కువ డిమాండ్ ఉన్న రచయితల్లో ఒకరు. తర్వాత రచనకి రెండు ఆస్కార్లు తీసుకుంది. ఆమె 1918లో స్వయంగా ఫ్రాన్స్ వెళ్లి, యుద్ధంలో ఆడవాళ్ళు చేస్తున్న పనిని చూసి రికార్డు చేసింది. ఆసుపత్రులూ, శిథిలాలూ కళ్ళారా చూసిన మనిషి రాసిన స్క్రిప్ట్ అన్నమాట. దర్శకుడు జార్జ్ ఫిట్జ్‌మారిస్.

మూల కథ ఒక నాటకం. రాసింది గై బోల్టన్, కానీ హెచ్.బి. ట్రెవెల్యాన్ అనే మారుపేరుతో. బోల్టన్ నవ్వించే మ్యూజికల్ కామెడీలకి పేరున్నవాడు. ఏడిపించే కథకి వేరే పేరు పెట్టుకున్నాడు. చూస్తున్నారా, ఈ సినిమా చుట్టూ అందరూ ఏదో ఒకటి దాచుకున్నవాళ్ళే!

మళ్ళీ తీశారు, మళ్ళీ దాచారు

ఇదే గోల్డ్విన్ 1935లో ఇదే కథని టాకీగా మళ్ళీ తీశాడు. అదే పేరు. అలన్‌గా ఫ్రెడ్రిక్ మార్చ్, జెరాల్డ్‌గా హెర్బర్ట్ మార్షల్, కిట్టీగా మెర్ల్ ఒబెరాన్. ఈ సినిమా ఉంది, చూడొచ్చు. ఇందులో ఒక సన్నివేశం ఉంటుంది. కిట్టీ వచ్చేముందు అలన్ గదిలో ఏ వస్తువు ఎక్కడుందో అడుగులు లెక్కపెట్టుకుని బట్టీ పడతాడు. చూపున్నవాడిలా కనిపించడానికి రిహార్సల్.

ఇప్పుడు ఆ హెర్బర్ట్ మార్షల్ సంగతి వినండి. ఇతనూ మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడాడు. ఇతనిదీ లండన్ స్కాటిష్ రెజిమెంటే, కోల్మన్ ఉన్నదే! 1917లో ఫ్రాన్స్‌లో అరాస్ దగ్గర గాయపడి ఒక కాలు పోగొట్టుకున్నాడు. కృత్రిమ కాలుతోనే దశాబ్దాల పాటు హీరో వేషాలు వేశాడు. తెలియనివాళ్ళు చూస్తే, కొంచెం గంభీరంగా నడుస్తాడు అనుకుంటారు, అంతే.

ఇక మెర్ల్ ఒబెరాన్. ఇది మన దగ్గరి కథ. ఆమె పుట్టింది 1911లో, బొంబాయిలో. పెరిగింది కలకత్తాలో. ఆంగ్లో ఇండియన్ కుటుంబం, తల్లి తరఫున దక్షిణాసియా రక్తం. ఆ రోజుల్లో హాలీవుడ్‌లో ఆ సంగతి తెలిస్తే హీరోయిన్ అవకాశాలు పోతాయి. తెర మీద తెల్లజాతివాళ్ళకీ నల్లజాతివాళ్ళకీ మధ్య సంబంధం చూపించకూడదని అప్పటి సినిమా నియమావళిలోనే రాసి ఉండేది. అందుకే తను ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో పుట్టానని చెప్పుకుంది. జీవితాంతం ఆ అబద్ధంతోనే బతికింది. 1979లో చనిపోయింది. నిజం ఆ తర్వాతే బయటపడింది.

‘ది డార్క్ ఏంజెల్’లో కిట్టీ పాత్రకే ఆమె ఉత్తమ నటి ఆస్కార్‌కి నామినేట్ అయింది. 2023లో మిషెల్ యో ఆస్కార్ గెలిచినప్పుడు మీరు వార్తల్లో చూసే ఉంటారు, ఉత్తమ నటి విభాగంలో మొదటి ఆసియా మూలాల నామినీ ఎవరు అని చర్చ నడిచింది. అప్పుడు గుర్తు చేసుకున్న పేరు ఈమెదే. బొంబాయిలో పుట్టిన అమ్మాయి, దాదాపు తొంభై ఏళ్ళ క్రితం! కానీ ఆ రోజు ఆమె ఆ గౌరవాన్ని తన పేరు మీద తీసుకోలేదు, దాచుకుంది.

గాయం ఉన్నవాడు గాయం దాచుకున్నాడు. ఊరు ఉన్న అమ్మాయి ఊరు దాచుకుంది. ఎందుకు? లోకం జాలి పడుతుందనో, తక్కువగా చూస్తుందనో భయం. అలన్ భయం కూడా అదే కదా.

మరి సినిమా ఎలా పోయింది?

సరే, ఇంత పేరున్న సినిమా ఎలా మాయమైంది? తగలబెట్టేశారా? ఎవరైనా కుట్ర చేశారా? అదేం కాదు. చాలా మామూలుగా పోయింది. అదే బాధ.

ఆ రోజుల్లో ఫిల్మ్‌ని నైట్రేట్‌తో చేసేవాళ్ళు. దూది తీసుకుని నైట్రిక్ ఆమ్లంతో చర్య జరిపిస్తే నైట్రోసెల్యులోజ్ వస్తుంది. దానికి కర్పూరం కలిపి పల్చటి పట్టీలా చేసి, పైన వెండి లవణాల పూత పూస్తే అదే ఫిల్మ్. ఇదే నైట్రోసెల్యులోజ్‌ని ఇంకొంచెం ఘాటుగా చేస్తే గన్‌కాటన్, అంటే పేలుడు పదార్థం. యుద్ధంలో ఫిరంగుల మందుగుండులో వాడింది అదే. కోల్మన్ చీలమండ పగలగొట్టిన షెల్‌ని దూరం నుంచి విసిరిన మందూ, అతని సినిమాని మోసిన ఫిల్మూ ఒకే కుటుంబం!

నైట్రేట్ ఫిల్మ్ అంటుకుంటే ఆర్పడం దాదాపు అసాధ్యం. మండడానికి కావలసిన ఆక్సిజన్ దాంట్లోనే ఉంటుంది, అందుకే నీళ్ళలో ముంచినా మండుతుంది. 1937లో న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీలో ఫాక్స్ కంపెనీ గోడౌన్ తగలబడి, ఆ సంస్థ మూకీ సినిమాల్లో చాలా భాగం ఒక్క రాత్రిలో పోయాయి. మంట అంటుకోకపోయినా, సరైన చల్లదనం లేకపోతే ఫిల్మ్ దానంతటదే కుళ్ళుతుంది. ముందు బొమ్మ వెలిసిపోతుంది, తర్వాత జిగురులా అతుక్కుంటుంది, చివరికి గోధుమ రంగు పొడి అయిపోతుంది.

మరి భద్రంగా ఎందుకు పెట్టలేదు? ఎందుకంటే వాటికి విలువ లేదనుకున్నారు. టాకీలు వచ్చాక మూకీని ఎవడు చూస్తాడు? మీ పాత కీప్యాడ్ ఫోన్ ఎక్కడుంది ఇప్పుడు? సరిగ్గా అదే. దాచడానికి గోడౌన్ అద్దె దండగ, పైగా అగ్నిప్రమాదం భయం. ఫిల్మ్‌లో ఉన్న వెండి తీసి అమ్ముకుంటే నాలుగు డబ్బులొస్తాయి. అలా సినిమాలని కరిగించి వెండి తీశారు.

లెక్క చెప్తాను. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ఒక అధ్యయనం వెలువరించింది. 1912 నుంచి 1929 దాకా అమెరికాలో దాదాపు 11 వేల మూకీ ఫీచర్ సినిమాలు విడుదలయ్యాయి. వాటిలో అసలు 35 ఎంఎం రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతం మాత్రమే. విదేశీ ప్రింట్లు, చిన్న సైజు కాపీలు, ముక్కలు అన్నీ కలుపుకున్నా 30 శాతం. అంటే పది సినిమాల్లో ఏడు ఇక లేవు. ‘ది డార్క్ ఏంజెల్’ ఆ ఏడింటిలో ఒకటి.

ఇంకో విచిత్రం చూడండి. 2021 జనవరి 1న, 1925 నాటి అమెరికన్ సినిమాలకి కాపీరైట్ గడువు ముగిసింది. అంటే ఇప్పుడు ఈ సినిమాని ఎవరైనా అప్‌లోడ్ చేసుకోవచ్చు, ఏ స్ట్రైకూ పడదు. సినిమా అందరిదీ అయింది. కానీ అప్‌లోడ్ చేయడానికి సినిమా లేదు.

మన సంగతి ఏంటి?

‘అబ్బా, అమెరికావాళ్ళు ఎంత నిర్లక్ష్యం’ అనుకోకండి. మన ఇంటికొద్దాం.

తెలుగువాళ్ళ మొదటి మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’, 1921. తెలుగు సినిమా పితామహుడు రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు రఘుపతి సూర్యప్రకాష్ మద్రాసులో తీశారు. ప్రకాషే భీష్ముడి వేషం వేశాడు. అదీ ఒక త్యాగం కథే, తండ్రి కోసం తన ప్రేమనీ, పెళ్ళినీ, రాజ్యాన్నీ వదులుకున్న కొడుకు కథ. ప్రింట్ లేదు. మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’, 1932. అదీ లేదు. దేశంలోనే మొదటి టాకీ ‘ఆలం ఆరా’, 1931. అదీ లేదు. 2003 జనవరిలో పుణెలో జరిగిన అగ్నిప్రమాదంలో, దాచుకున్న పాత నైట్రేట్ రీళ్ళు కూడా ఎన్నో కాలిపోయాయి. రఘుపతి వెంకయ్య పేరు మీద అవార్డులిస్తాం, కానీ ఆయన సినిమా ఒక్కటీ మన పిల్లలకి చూపించలేం.

నా సంగతి కూడా చెప్తాను. మా అమ్మానాన్నల పెళ్ళి వీడియో క్యాసెట్ ఒకటుండేది. బీరువా పైన అట్టపెట్టెలో. డిజిటల్ చేయిద్దాం, చేయిద్దాం అని పదేళ్ళు అనుకున్నాను. మా తాతయ్య కదులుతూ, నవ్వుతూ ఉన్న వీడియో ప్రపంచంలో అదొక్కటే. కిందటేడు తీసుకెళ్ళి ఇస్తే, షాపతను తెరిచి చూసి, ‘లోపలంతా బూజు పట్టేసింది అన్నా’ అన్నాడు. అందులో ఎవరి తప్పూ లేదు, నా బద్ధకం తప్ప. 1925 సినిమా పోయిందని ఎవర్నో తిట్టే హక్కు నాకు లేదని ఆ రోజు అర్థమైంది.

దొరికే ఛాన్స్ ఉందా?

ఉంది. ఇదొక్కటే సంతోషం. పోయాయనుకున్న సినిమాలు అప్పుడప్పుడు తిరిగొస్తాయి, అలన్‌లాగే.

1978లో కెనడాలోని డాసన్ సిటీలో నేల తవ్వుతుంటే 533 రీళ్ళు బయటపడ్డాయి. ఆ ఊరు సినిమా పంపిణీలో ఆఖరి స్టేషన్. అన్ని ఊళ్ళూ తిరిగి, అరిగిపోయి ఆ రీళ్ళు అక్కడికి చేరేవి. తిరిగి పంపించే ఖర్చు దండగని ఎవరూ వెనక్కి అడిగేవాళ్ళు కాదు. 1929లో ఒక పాత ఈతకొలను పూడ్చడానికి మట్టితో పాటు ఆ రీళ్ళు కూడా పడేశారు. అక్కడి మంచు వాటిని యాభై ఏళ్ళు కాపాడింది. 2008లో ‘మెట్రోపోలిస్’ సినిమా తప్పిపోయిన భాగాలు అర్జెంటీనాలో దొరికాయి. 2009లో జాన్ ఫోర్డ్ తీసిన ‘అప్‌స్ట్రీమ్’ న్యూజిలాండ్‌లో దొరికింది. అన్నీ దూరదేశాల్లో, ఎవరో పట్టించుకోని డబ్బాల్లో.

కాబట్టి ఎక్కడో ఏ మూల అటక మీదో ‘ది డార్క్ ఏంజెల్’ రీళ్ళు ఉండే అవకాశం సున్నా కాదు. అప్పటిదాకా విల్మా బాంకీని చూడాలంటే వాలెంటినోతో చేసిన ‘ది ఈగల్’, ‘ది సన్ ఆఫ్ ద షేక్’ చూడండి. ఆ రెండూ ఉన్నాయి. కోల్మన్‌తో ఆమె జోడీ ఎలా ఉండేదో చూడాలంటే 1926 నాటి ‘ది విన్నింగ్ ఆఫ్ బార్బరా వర్త్’ ఉంది. కథ చూడాలంటే 1935 టాకీ ఉంది. కోల్మన్ ఎక్కడైనా నడుస్తుంటే ఒక్కసారి అతని కాలి వైపు చూడండి. కనిపించదు. అంత బాగా దాచాడు.

చివరిగా ఒక చిన్న పని చెప్తాను, చేస్తారా? మీ ఇంట్లో బీరువా పైన, మంచం కింద, పాత సూట్‌కేస్‌లో క్యాసెట్లు, సీడీలు, నెగెటివ్‌లు ఉన్నాయేమో ఈ ఆదివారం చూడండి. దొరికితే వెంటనే డిజిటల్ చేయించండి. ఒక కాపీ ఫోన్‌లో, ఒకటి హార్డ్‌డిస్క్‌లో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న చుట్టాల దగ్గర పెట్టండి. ఒక్కచోటే ఉన్నది ఏ రోజైనా పోతుంది. తర్వాత చేద్దాంలే అనుకోకండి. నేనూ అలాగే అనుకున్నాను.

ఇవాళ్టికి ఇంతే. మీ ఇంట్లో ఏం దొరికిందో కింద రాయండి, అన్నీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. ఉంటాను మరి.